ఎడమ వైపు చావి

29 మార్చి 2020

మగ్గాలు ఆగాయి.

వెనక గల్లీలోని షెడ్డు నోరు మూసుకుని నాలుగైదు రోజులైంది. గుజరాత్‌లో ఈ డిండోలి ఫ్లాటుకి వచ్చినప్పటి నుంచి ఇంత నిశ్శబ్దం నేనెరగను. పవర్‌లూమ్స్ నడుస్తుంటే ఇక్కడ నేల సన్నగా అదురుతూనే ఉంటుంది. వంటింట్లో గిన్నెలు వాటిలో అవి మాట్లాడుకుంటాయి. ఈయనకి అది జోలపాట, హాయిగా నిద్రపోతారు. నాకు మాత్రం ఒళ్ళు మంట, ఎందుకంటే నేలతో పాటు నా వాచీల బల్ల కూడా అదురుతుంది.

వాచీ విప్పేముందు బల్ల మూల ఒక గ్లాసుతో నీళ్ళు పెట్టడం నా అలవాటు. నీళ్ళ మీద సన్నటి ముడతలు కనిపించాయా, ఆ రోజుకి పైపై పనులే. అద్దం తుడుచుకోవడం, పట్టీ మార్చుకోవడం. లోపల ఇటూ అటూ ఊగే బ్యాలెన్స్ చక్రం జోలికి మాత్రం పోను. దాని ఇరుసు కొన వెంట్రుక కన్నా సన్నం. దాని మీద చుట్టుకుని ఉండే హెయిర్ స్ప్రింగ్ గట్టిగా ఊపిరి వదిలినా కదులుతుంది.

ఇవాళ గ్లాసులో నీళ్ళు కదల్లేదు. ఎంతసేపు చూశానో నాకే తెలియదు.

"ప్రపంచం మునిగిపోతుంటే నీకు గడియారాలేమిటి రాణీ?" అన్నారు ఈయన.

"మునిగేటప్పుడు టైమెంతయిందో చూసుకోవద్దూ?" అన్నాను.

టీవీ సౌండు పెంచుకున్నారు. నేను పాత హెచ్ఎంటీ మూత తీశాను.

12 ఏప్రిల్ 2020

చచ్చిన వాచీ లేచి కూర్చుంది!

శనివారీ బజారులో తుక్కు కుప్పలోంచి ఏరుకున్నది. విప్పి, కడిగి, నూనె పెట్టి, బ్యాలెన్స్ దింపగానే చక్రం ఒక్కసారి బెదిరినట్టు కదిలి, ఆ తర్వాత ఊగడం మొదలుపెట్టింది. నేను పెద్దగా అరిచాను. పక్క ఫ్లాటు గుజరాతీ ఆవిడ తలుపు సందులోంచి, "రాణీబెన్, సబ్ ఠీక్?" అని అడిగింది. ఈ రోజుల్లో ఎవరైనా అరిస్తే ఏమనుకుంటారు మరి!

చెల్లెలికి ఫోన్ చేసి చెప్తే, "ఈ వయసులో అందరూ లలితా పారాయణం చేస్తారే, బాల్కనీలో మొక్కలు పెంచుతారు" అంది. నాకు చీపియో ఉంది చాలు. వజ్రాలు సానబట్టేవాళ్ళు వాడే పట్టకారుని ఇక్కడ అలా అంటారు. కంటికి బిగించుకునే ఐ-గ్లాసూ వాళ్ళదే. వరాఛాలో కొన్నప్పుడు దుకాణం వాడు, వజ్రాల పనా బెన్ అని అడిగాడు. "నా భాయ్, ఘడియాళ్" అన్నాను. నన్ను పైనుంచి కిందికి చూశాడు. బ్యాంకు ఆఫీసరమ్మలు గడియారాలు విప్పరని ఎక్కడైనా రాసుందా?

ఎందుకు నేర్చుకున్నావని అందరూ అడుగుతారు. ఎందుకు నేర్చుకోకూడదో ఒక్కరూ చెప్పరు.

9 మే 2020

వలస కూలీలని ఊళ్ళకి చేర్చే శ్రామిక్ రైళ్ళ కోసం ఈయనకి ఉధనా స్టేషన్లో డ్యూటీ. ఇంటికొచ్చి బట్టలు గుమ్మంలోనే బకెట్లో ముంచి, స్నానం చేసి, కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతూ ఉండిపోయారు. "ఒడిశా వాళ్ళు, బీహార్ వాళ్ళు, మన కరీంనగర్ వైపు వాళ్ళూనూ. సంకల్లో పిల్లలు రాణీ" అన్నారు.

ఇవాళ వాచీ విప్పలేదు.

18 జూన్ 2020

బ్యాంకులో ఇవాళ భలే గొడవ. మాస్కు కట్టుకున్న ఒకాయన నా కౌంటరు ముందు నిలబడి, "మేడమ్, నా ఖాతా బంద్ అయింది" అన్నాడు. తెలుగు వినపడగానే ప్రాణం లేచొచ్చింది. పాస్‌బుక్కు తీసుకుని చూశాను.

"బంద్ కాలేదండీ, నిక్షేపంగా నడుస్తోంది."

"ఏడ నడుస్తున్నది మేడమ్? తాళమేసిండ్రు. పొద్దుగాల నేనే చూసొచ్చిన."

"తాళమేమిటి? కంప్యూటర్లో కనిపిస్తుంటేనూ!"

"కంప్యూటర్ల మగ్గాలుంటయా మేడమ్?"

అప్పుడు వెలిగింది. ఈ ఊళ్ళో మగ్గాల షెడ్డుని ఖాతా అంటారు. లాక్‌డౌన్ తర్వాత తెరుస్తారనుకున్న షెడ్డు తెరవలేదట. ఇకనుంచి జీతం ఎక్కడ పడుతుందో ఏమో, అంతదాకా పడిందేదో పుస్తకంలో ఎక్కించమని వచ్చాడు. ఇద్దరం చెరో ఖాతా గురించి పోట్లాడుకుంటున్నాం. వెనక ఉన్న క్యూ అంతా విసుక్కుంటుంటే మేం నవ్వుకున్నాం.

పేరు ముత్యం. మా వెనక గల్లీలోనే ఉంటాడు. కాగితం మీద సంతకం ఎడమచేత్తో పెట్టాడు. కుడిచేతికి బొటనవేలు లేదు. దాని పక్కన రెండు వేళ్ళు కూడా లేవు. మగ్గంలో పోయాయట. సంతకం వంకరగా ఉంది. అయినా మా దగ్గరున్న నమూనాతో గీతకి గీత కలిసింది.

వెళ్ళబోతూ ఆగి, "బాల్కనీల కంటికి డబ్బా పెట్టుకొని కూసుండే మేడమ్ మీరే గద?" అన్నాడు. గల్లీ అంతా నన్ను చూసి ఏమనుకుంటోందో ఇవాళ తెలిసింది.

21 జూన్ 2020

ముత్యం వాచీ తెచ్చాడు. భార్య సారక్క కూడా వచ్చింది. ఆవిడ ఇంట్లో చీరలకి రాళ్ళు అతికించే పని చేస్తుంది. ఇద్దరూ గుమ్మం బయటే నిలబడి మాట్లాడారు. రమ్మన్నా లోపలికి రాలేదు.

చేత్తో కీ ఇచ్చే పాత హెచ్ఎంటీ. కాస్త నిదానంగా నడుస్తోంది, అంతే. అసలు సంగతి అది కాదు.

"దీనికి చావి మా ఇంటిది ఇస్తది మేడమ్. పొద్దుగాల నేను చెయ్యి సాపాలె, ఆమె తిప్పాలె. చిన్న పోరనికి ముక్కు చీదినట్టు."

"తిప్పుతే నా చెయ్యేం అరుగుతదా? గింత దానికి మేడమ్‌ను సతాయించుడేంది?" అంది సారక్క.

"నీకు అరగదు. నాకు అరుగుతది" అన్నాడు ముత్యం.

అతనికి కావలసిందల్లా చావి ఎడమ దిక్కు ఉండటం. వాచీ కుడిచేతికి పెట్టుకుని, ఎడమచేత్తో తనే తిప్పుకుంటాడట. మామూలు వాచీని కుడిచేతికి పెడితే చావి మోచేతి వైపు పోతుంది. అందుకోవడం అవస్థ.

"ఆ చేతికా? ఉన్నయే రెండు వేళ్ళు. లోకమంతా చూస్తది" అంది సారక్క.

"చూడాలెననే పెడ్తున్న."

ఇలాంటి మార్పు నేనెప్పుడూ చెయ్యలేదు. చేస్తానన్నాను. ఆ మాట విన్నాక చెయ్యనని ఎలా అంటాను?

4 జులై 2020

ఎలా చెయ్యాలో తెలిసింది. డబ్బానీ, లోపలి యంత్రాన్నీ కలిపి తలకిందులు చెయ్యాలి. అప్పుడు చావి ఎడమ వైపుకి వస్తుంది. డయల్‌ని మాత్రం పన్నెండు పైకి వచ్చేలా తిరిగి నిలబెట్టాలి. చిక్కల్లా అక్కడే. డయల్ వెనక రెండు కాళ్ళుంటాయి, యంత్రంలో రెండు చిల్లులుంటాయి. తిప్పితే ఆ కాళ్ళు ఆ చిల్లుల్లోకి దిగవు. కాళ్ళు నరికి డయల్‌ని అతికించాలి. నరికాక వెనక్కి తీసుకునే దారి లేదు.

ముత్యంతో చెప్తే, "నరకుండ్రి మేడమ్. నరికినంక గూడ బతుకుతది" అన్నాడు.

27 ఆగస్టు 2020

మగ్గాలు మళ్ళీ మొదలయ్యాయి. టీ కప్పు సాసర్ మీద టకటకలాడింది. మగ్గాలే మరి.

13 సెప్టెంబరు 2020

డయల్ కాళ్ళు తీసేశాను. బల్ల అదురుతున్నా ఆ పని ఆగదు కాబట్టి చేశాను. అతికించి చూస్తే పన్నెండు నిటారుగా నిలబడింది. మిగిలింది యంత్రం శుభ్రం చేసి, బ్యాలెన్స్ దింపడం.

కుడిచెయ్యి కాస్త బరువుగా ఉంది. రోజంతా శానిటైజరు పూసుకుంటే ఎవరి చెయ్యి మాత్రం బాగుంటుంది?

2 అక్టోబరు 2020

చెయ్యి బాగానే ఉంది.

8 నవంబరు 2020

నా బుద్ధి గడ్డి తిన్నది. నీళ్ళ మీద ముడతలున్నాయి. చూసి కూడా విప్పాను. దీపావళి లోపల ఇచ్చేద్దామని ఆరాటం. బ్యాలెన్స్ చీపియోతో పట్టుకుని ఎత్తాను, చెయ్యి విసురుగా పక్కకి పోయింది, హెయిర్ స్ప్రింగ్ సాగిపోయి మెలిపడింది. చుట్లు చుట్లుగా ఉండాల్సింది చిక్కుపడిన దారంలా అయిపోయింది.

సాయంత్రం ముత్యం వస్తే దాచకుండా చెప్పాను. "మగ్గాల అదురుకి చెయ్యి జారింది. నా దగ్గరున్న తుక్కు వాచీల్లోంచి ఇంకో బ్యాలెన్స్ తీసి వేస్తాను."

"మగ్గం నా చేతి ఏళ్ళు తిన్నది గని మీ గడియారం జోలికి రాదు మేడమ్. దానికి గంత సన్న పని చేతగాదు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. కానీ అంటున్నప్పుడు నా కుడిచేతి వంక చూశాడు. చెయ్యి కొంగు కిందికి లాక్కున్నాను. ఎందుకు లాక్కున్నానో ఏమో, చలిగా ఉంది కాబోలు.

17 నవంబరు 2020

దీపావళి సెలవులు. మగ్గాలు లేవు. బల్ల కదలదు. తుక్కు వాచీలో మంచి బ్యాలెన్స్ ఒకటి సిద్ధంగా ఉంది.

విప్పలేదు. ఇల్లు దులుపుకోవాలి కదా. బూజులు ఎంత పట్టాయో!

19 నవంబరు 2020

అటక దులిపాను.

20 నవంబరు 2020

చెయ్యి బాగానే ఉంది.

11 డిసెంబరు 2020

నా సొంత బ్రాంచిలో నా సొంత చెక్కు వెనక్కి వచ్చింది. పాస్ చేసే కుర్రాడు పార్థివ్ పాపం మొహం ఎర్రగా చేసుకుని, "మేడమ్, సిగ్నేచర్ మ్యాచ్ నథీ థతీ" అన్నాడు. సంతకం కలవడం లేదట. పద్మారాణి అన్న పేరు చివర నేను పెట్టే సున్న ఉంటుంది, గుండ్రంగా, ఎవరూ పెట్టలేనిది. అది ఇప్పుడు రంపపు పళ్ళలా ఉంది. ఎంతమంది కస్టమర్లకి ఈ మాట చెప్పి వెనక్కి పంపానో! వాడి మీద కోపం తెచ్చుకోవడానికి కూడా వీల్లేకపోయింది, వాడు సరిగ్గానే చూశాడు.

కౌంటరు కూడా అదురుతుందేమో. పర్వత్ పాటియాలో మా బ్రాంచి పక్కన మగ్గాలు లేవు. ఏదో మెట్రో తవ్వకమో ఏదో ఉండే ఉంటుంది.

24 జనవరి 2021

"రాణీ, ఒకసారి డాక్టరుకి చూపిద్దాం" అన్నారు ఈయన.

"దేనికి?"

"చెయ్యి."

"బల్ల అదురుతోందండీ."

"మరి సోఫాలో కూర్చున్నప్పుడు?"

"సోఫా కూడా అదురుతుంది. మీకు తెలియదు, నిద్రపోతారు కదా!"

ఆయన పేపరు మడిచి పెట్టి వెళ్ళి నాకు టీ చేసి తెచ్చారు. కప్పు సగమే నింపారు. ఆ సగం కప్పు చూసి నాకు ఎంత కోపమొచ్చిందంటే, వంటింట్లోకి వెళ్ళి మిగతా సగం నేనే అంచుదాకా పోసుకున్నాను. నాలుగు అడుగులేసేసరికి నేలంతా టీ.

నేనే తుడిచాను.

30 ఏప్రిల్ 2021

రింగ్ రోడ్డు బట్టల మార్కెట్లు మూసేశారు. సరుకు కదలక మగ్గాలు ఆగాయి. జనం మళ్ళీ ఊళ్ళకి పోతున్నారు. రోజంతా అంబులెన్సులు. పోయినేడు నిశ్శబ్దం ఇలా లేదు. అప్పుడు అందులో భయం ఉన్నా, చావు ఇంత దగ్గరగా లేదు.

బల్ల మూల నీళ్ళు పెట్టాను.

1 మే 2021

నీళ్ళు కదలడం లేదు.

2 మే 2021

నీళ్ళు కదలడం లేదు. చెయ్యి కదులుతోంది. బల్ల మీద ఊరికే పెట్టి చూశాను. బొటనవేలూ చూపుడువేలూ కలిసి దేన్నో నలుపుతున్నట్టు వాటంతట అవే ఆడుతున్నాయి.

మగ్గాలు కాదు. శానిటైజరు కాదు. మెట్రో కాదు. నేనే.

ఏడ్చాను. రాస్తే ఏమైంది, ఎవరు చదువుతారు? ఏడ్చాను.

7 మే 2021

సారక్క ఆసుపత్రిలో ఉంది. ఆక్సిజన్ పెట్టారట. క్యారేజీలో జావా, పప్పూ పెట్టి కిందికి వెళ్ళాను. ముత్యం గేటు దగ్గర నిలబడి చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. ఒక్క ఎడమచేత్తో, చూడకుండానే, కింద నుంచి పైకి చకచకా పెట్టుకుంటూ పోతున్నాడు.

"ఎప్పుడు నేర్చుకున్నారు ముత్యం?"

"గిదివరకు ఆమెనే పెడుతుండె. ఇగ ఆమె దవాఖానల పడ్డది, ఎవలు పెట్టాలె? మొదాలు చెయ్యి నా మాట ఇనలె మేడమ్. తిట్టిన. రోజు తిట్టిన. తిట్టంగ తిట్టంగ ఇన్నది."

వాచీ సంగతి అడగలేదు. నేనే చెప్పాను, "మగ్గాలు కాదు ముత్యం, నా చెయ్యే" అని.

"ఎరుకే" అన్నాడు. క్యారేజీ ఎడమచేత్తో అందుకుని, "దినం బాగుంటే ఆమెను తోల్కొస్త, అప్పుడు చూద్దాం" అని ఆటో కోసం పరిగెత్తాడు.

19 మే 2021

డాక్టరు దగ్గరికి వెళ్ళాం. పెద్ద పేరు చెప్పాడు. ఆ పేరు ఇక్కడ రాయను, రాస్తే డైరీలో కూర్చుని రోజూ నన్నే చూస్తుంది. మందులున్నాయి. తగ్గేది కాదు, నెమ్మదిగా పెరిగేది. ప్రస్తుతానికి కుడి వైపే. ఎడమ వైపుకి కూడా రావచ్చు, ఎప్పుడన్నది ఎవరూ చెప్పలేరట.

"హాబీలేమైనా ఉన్నాయా?" అని అడిగాడు. ఈయన ముందే అందుకుని, "ఉండేవండీ" అన్నారు.

ఉండేవట! భూతకాలం!

21 మే 2021

ఇంట్లో యుద్ధం.

స్నానం చేసి వచ్చేసరికి నా బల్ల ఖాళీ. చీపియోలు, ఐ-గ్లాసు, స్క్రూడ్రైవర్లు అన్నీ పాత స్వీటు డబ్బాలో సర్ది బీరువా మీద పెట్టారు. ముత్యం వాచీ కాగితంలో చుట్టి జేబులో వేసుకుని చెప్పులు తొడుక్కుంటున్నారు.

"ఎక్కడికి?"

"మార్కెట్ తెరిచారు కదా, రిపేరు షాపులో ఇచ్చేస్తాను. ఆ మనిషికి ఏడాది నుంచి ఆశ పెట్టాం."

"ఆశ పెట్టింది నేను. మెలిపెట్టింది నేను. బాగుచేసేదీ నేనే. ఇటివ్వండి."

"ఎలా చేస్తావే? రోజూ నిన్నట్లా చూడలేకపోతున్నాను. అది చేతిలోంచి పడిపోవడం, నువ్వు వెతుక్కోవడం..." అంటూ కళ్ళు తుడుచుకున్నారు. ఆయన ఏడవడం నేను చూడటం ఇది రెండోసారో మూడోసారో. జాలి కలిగింది. అయినా చెయ్యి చాపే ఉంచాను.

"నా కోసం కళ్ళు మూసుకోండి. నా చేతుల్లోంచి మాత్రం లాక్కోకండి" అన్నాను.

వాచీ ఇచ్చారు. చెప్పులు విప్పేశారు. 

23 మే 2021

పప్పన్నం కలుపుకుంటుంటే కుడిచెయ్యి సగం మెతుకులు ఒళ్ళో పోసింది. ఒళ్ళు మండి, కంచం దగ్గరికి లాక్కుని ఎడమచేత్తో తిన్నాను. గబగబా, ఒక్క మెతుకు పడకుండా, కడుపునిండా తిన్నాను.

ఈయన మజ్జిగ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. "రాణీ! ఎడమచేత్తోనా?"

"అవునండీ, ఎడమచేత్తోనే."

అనేశాక నాకు గుర్తొచ్చింది. ఇది నాకు కొత్త కాదు. నేను పుట్టుకతో ఎడమచేతివాటం. పలక మీద అఆలు ఎడమచేత్తోనే దిద్దేదాన్నట. నాయనమ్మ అన్నానికి కూర్చోబెట్టే ముందు నా ఎడమచేతిని తువ్వాలుతో నడుముకి కట్టేసేది. "ఆడపిల్ల పురచేత్తో తింటే అత్తింటివాళ్ళు నన్ను అంటారు పద్దూ, నిన్ను కాదు" అనేది. బళ్ళో మాస్టారు ఆ చేతి కణుపుల మీదే కొట్టేవారు. పెళ్ళయ్యేనాటికి ఆ చెయ్యి నోరు మూసుకుంది. ప్రసాదం తీసుకోలేదు, పసుపు కుంకుమ ఇవ్వలేదు, డబ్బు అందుకోలేదు, ఇన్నాళ్ళూ అంట్ల గిన్నెలు పట్టుకుని కూర్చుంది.

బల్ల మూల నీళ్ళు పెట్టి, దాని పక్కన ఎడమచెయ్యి పెట్టాను. నీళ్ళూ కదల్లేదు, చెయ్యీ కదల్లేదు.

స్వీటు డబ్బా బీరువా మీద నుంచి దించాను.

30 మే 2021

ఎడమచెయ్యి నా మాట వినడం లేదు. చీపియో పట్టుకోవడమే రావడం లేదు. మరలు ఎగిరి మంచం కిందికి పోతున్నాయి. తిట్టాను.

6 జూన్ 2021

తిట్టాను.

13 జూన్ 2021

బల్లంతా తిరగేసి సర్దాను. దీపం కుడి వైపు, పనిముట్లు ఎడమ వైపు. స్క్రూడ్రైవరు తిప్పడం వచ్చింది. తుక్కు వాచీ ఒకటి మొత్తం విప్పాను. తిరిగి బిగించలేదు. సంగతి ఏమిటంటే, నాకు నేనే మళ్ళీ కొత్త. చెయ్యి తప్పు చేస్తోంది గానీ వణకడం లేదు. తప్పయితే దిద్దుకోవచ్చు.

మగ్గాలు మొదలయ్యాయి. గిన్నెలు మాట్లాడుకుంటున్నాయి.

సారక్క ఇంటికొచ్చింది. బాగా చిక్కిపోయింది. గొంతు మాత్రం తగ్గలేదు, మా బాల్కనీ దాకా వినిపిస్తోంది. దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను, రెండు చేతులతో.

2 జులై 2021

బ్యాంకులో కొత్త నమూనా సంతకం ఇచ్చాను. ఎడమచేత్తో. పార్థివ్ తల పక్కకి పెట్టి చూసి, "మేడమ్, ఏ తో బాళక్ జేవీ ఛే" అన్నాడు. చిన్నపిల్ల సంతకంలా ఉందట. "చిన్నపిల్లదే" అన్నాను. ఆ పిల్లని ఒకటో తరగతిలో ఆపేశారు, ఇప్పుడు మళ్ళీ బడికొచ్చింది. స్కాన్ చెయ్యి నాయనా.

కుడిచెయ్యి కౌంటరు మీదే ఉంది. కొంగు కింద పెట్టలేదు. ఒకావిడ చూసింది. చూడనీ.

ఈ డైరీ కూడా పోయిన నెల నుంచి ఎడమచేత్తోనే రాస్తున్నాను. గీతలు దాటి పోతోంది. పోనీ.

11 జులై 2021

ఇవాళ ముత్యం వాచీ.

బల్ల మూల గ్లాసు పెట్టాను. మగ్గాలు పూర్తి జోరు మీదున్నాయి. నీళ్ళ నిండా ముడతలే. నా కట్టుబాటు ప్రకారం ఇవాళ పట్టీ తుడుచుకుని లేచిపోవాలి. సెలవు రోజు దాకా ఆగాలి. ఆగితే ఏ సెలవుకి ఏ చెయ్యి ఉంటుందో ఎవరికి తెలుసు?

గ్లాసు ఎత్తి నీళ్ళు తాగేశాను.

కుడి మోచెయ్యి బల్ల మీద ఆనించి, ఆ చేతి బరువుతో వాచీని అదిమి పెట్టాను. అదీ ఇంకా పనికొస్తుంది. ఐ-గ్లాసు పెట్టుకుని తుక్కు వాచీలోంచి తీసిన బ్యాలెన్స్‌ని ఎడమచేత్తో ఎత్తాను. బల్ల అదురుతోంది. కుడిచెయ్యి అదురుతోంది. ఎడమచెయ్యి ఆ రెండింటి మధ్యలోంచి మెల్లగా దిగింది. ఇరుసు కొన దాన్ని మోసే చిన్న కెంపు రాయిలో కూర్చోలేదు. ఎత్తాను. మళ్ళీ దింపాను. మళ్ళీ కూర్చోలేదు. తిట్టాను. నాయనమ్మనీ, బళ్ళో మాస్టారినీ, ఆ డాక్టరు చెప్పిన పేరునీ, అందరినీ కలిపి తిట్టి మళ్ళీ దింపాను.

కూర్చుంది. చక్రం ఊగింది.

ఈ సారి అరవలేదు. ఈయనే నా వెనక నిలబడి అరిచారు. ఎప్పుడొచ్చి నిలబడ్డారో, ఊపిరి బిగబట్టుకుని చూస్తున్నారు పిచ్చి మనిషి! పక్క ఫ్లాటావిడ మళ్ళీ తలుపు తీసింది.

18 జులై 2021

వారం రోజులు నడిపి చూశాను. పట్టీ తీసేసి సాగే చైను వేశాను. ఇక కట్టుకోవడానికి కూడా ఎవరి సాయమూ అక్కర్లేదు.

ముత్యం, సారక్క వచ్చారు. ఈసారి లోపలికి వచ్చి సోఫాలో కూర్చున్నారు. ఈయన అందరికీ టీ పెట్టారు. నా కప్పు నిండా పోశారు. నేను ఎడమచేత్తో తాగాను.

వాచీ తీసి ముత్యానికి అందించాను.

"అయ్యో, పురచేత్తోని ఇస్తున్నరేంది మేడమ్?" అంది సారక్క. నొచ్చుకుని కాదు, నా మీద ప్రేమతోనే. అశుభమని.

"నా చేతుల్లో మంచిది ఇదే సారక్కా."

"నాకు గూడ గిదే" అని ముత్యం ఎడమచెయ్యి చాపాడు. నా ఎడమచేతిలోంచి అతని ఎడమచేతిలోకి వాచీ వెళ్ళింది. నాయనమ్మ చూసి ఉంటే ఇద్దరినీ తువ్వాలుతో కట్టేసేది.

చైను సాగదీసి రెండు వేళ్ళ కుడిచేతికి తొడుక్కున్నాడు. చొక్కా చెయ్యి పైకి మడిచాడు. ఎడమచెయ్యి వాచీ మీదికి తెచ్చాడు. చావి సరిగ్గా అందింది. తిప్పాడు. చెవి దగ్గర పెట్టుకున్నాడు. మళ్ళీ తిప్పాడు. ఆగడే! సారక్క మొహం పక్కకి తిప్పుకుని కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"చాలు చాలు ముత్యం, లోపల కమాను స్ప్రింగ్ తెగుతుంది" అన్నాను.

"తెగనీయుండ్రి మేడమ్" అన్నాడు తిప్పుతూనే. "తెగితే మీరున్నరు గద?"

కుడిచెయ్యి ఒళ్ళో వణుకుతూనే ఉంది. గదిలో అందరూ చూస్తున్నారు.

"ఉన్నాను" అన్నాను.